కాలేజ్ అరీనా పాతబడిందంటే అసలు ఏం పాతబడినట్టు? ఆస్టిన్ నుంచి చాపెల్ హిల్ దాకా

అమెరికాలో కాలేజ్ బాస్కెట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్ళకి ఒక విషయం కొంచెం వింతగా అనిపిస్తుంటుంది. డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ కామెరాన్ ఇండోర్ స్టేడియం 1940 జనవరిలో తెరిచారు, ఇప్పటికీ అందులోనే ఆడుతున్నారు, దాన్ని పడగొడదాం అని ఎవరైనా అంటే ఊళ్ళో ఉండనివ్వరు. బట్లర్ వాళ్ళ హింకిల్ ఫీల్డ్‌హౌస్ 1928ది, ఫిలడెల్ఫియాలో ఉన్న పాలెస్ట్రా 1927ది, రెండూ నడుస్తూనే ఉన్నాయి. అదే టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు ఆస్టిన్‌లో 1977లో కట్టుకున్న ఫ్రాంక్ ఎర్విన్ సెంటర్‌ని మాత్రం 2022లో మూసేసి, తర్వాత రెండేళ్ళలో నేలమట్టం చేసేసారు. తాతలు గుండ్రాయిల్లా ఉన్నారు, మనవడు పోయాడు. కాబట్టి "పాతబడిపోయింది, కొత్తది కట్టాలి" అని ఏ యూనివర్సిటీ అన్నా వాళ్ళు వయసు గురించి మాట్లాడుతున్నారనుకుంటే మొదట్లోనే దారి తప్పుతాం. ఎవరి సీటు ఎక్కడుంది, ఆ సీటు మీద వచ్చే డబ్బు ఎవరికి పోతోంది, ఆ బిల్డింగ్ కింద ఉన్న నేల ఇంకెవరికి కావాలి, ఈ లెక్కల్లో ఏదో ఒకటి తేడా కొట్టినప్పుడే పాతబడింది అనే మాట బయటికొస్తుంది.

అలాగని నిజంగా అరిగిపోయేవి ఏమీ ఉండవా అంటే ఉంటాయి. పైకప్పు కారుతుంది, ఏసీ మెషీన్లకి పార్టులు దొరకవు, కరెంటు వైరింగు ఇప్పటి స్క్రీన్లకీ కెమెరాలకీ సరిపోదు. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టానికి ముందు కట్టినవాటిలో వీల్‌చెయిర్‌కి చోటుండదు, ర్యాంపులుండవు, లిఫ్ట్ ఒకటో రెండో ఉంటాయి. సీట్ల వెనకాల జనం తిరిగే వరండా ఇరుగ్గా ఉంటుంది, హాఫ్‌టైమ్‌లో బాత్‌రూమ్ లైనూ పాప్‌కార్న్ లైనూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ముఖ్యంగా ఆడవాళ్ళ బాత్‌రూములు ఆ రోజుల్లో లెక్క చూసుకుని కట్టినట్టే కనపడవు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, కానీ చాలావరకు రిపేర్ చేసుకోగలిగినవే. రిపేర్‌తో తేలనిది ఇంకోటి ఉంది, దాని గురించి ఫ్యాన్స్ పెద్దగా మాట్లాడుకోరు గానీ అరీనా నడిపేవాళ్ళు మొదట అడిగేది అదే: పైకప్పుకి ఎంత బరువు వేలాడదీయొచ్చు? ఇప్పటి పెద్ద కచేరీ అంటే స్పీకర్లు, లైట్లు, వీడియో తెరలు అన్నీ పైనుంచి వేలాడాల్సిందే, టన్నుల్లో లెక్క. ఆ సామాను మోసుకొచ్చే ట్రక్కుల వరస ఒకేసారి వెనక్కి వచ్చి దింపుకోవడానికి చోటుండాలి, లేకపోతే పొద్దున వచ్చి రాత్రికి షో చేసి మళ్ళీ తెల్లారేసరికి ఇంకో ఊరికి పోవాల్సినవాళ్ళు ఆ ఊరే వద్దనుకుంటారు. 1960ల్లో, 70ల్లో బాస్కెట్‌బాల్ కోసమో, అప్పుడప్పుడూ సర్కస్ కోసమో కట్టిన బిల్డింగులకి ఈ రెండూ రావాలంటే దాదాపు పైకప్పు మార్చినంత పని.

ఈ కచేరీల గోల కాలేజ్‌కి ఎందుకు అంటారా, క్యాలెండర్ చూస్తే తెలుస్తుంది. మగపిల్లల టీమ్‌కి సీజన్‌కి సొంత గ్రౌండ్‌లో పదహారు, పద్దెనిమిది మ్యాచ్‌లు, ఆడపిల్లల టీమ్‌కి దాదాపు అన్నే. మొత్తం కలిపి ముప్పై ఐదు రాత్రుల చిల్లర, మిగతా సంవత్సరమంతా గ్రాడ్యుయేషన్ ఫంక్షన్లూ ఒకటీ అరా పోగా ఖాళీయే. ఆ ముప్పై ఐదు రాత్రుల కోసం వందల మిలియన్ డాలర్లు పెట్టి కట్టి, దాని అప్పు దాని మీదే తీర్చుకోవాలంటే మిగిలిన రాత్రుల్లో ఎవరో ఒకరు టికెట్ కొనాలి. ఆస్టిన్ కథ మొత్తం ఇక్కడే తిరుగుతుంది.

ఎర్విన్ సెంటర్ గుండ్రంగా డోలులా ఉండేది, జనం దాన్ని డ్రమ్ అనే పిలిచేవాళ్ళు. బాస్కెట్‌బాల్‌కి 16 వేల మందికి పైగా పట్టేది, కట్టిన కొత్తలో అది గొప్ప సంగతే. కానీ కోర్టుకీ సీట్లకీ మధ్య దూరం ఎక్కువ, వాలు తక్కువ, సగం నిండితే లోపల ఎవరూ లేనట్టే ఉండేది, టెక్సస్‌లో అందరి మనసూ ఫుట్‌బాల్ మీదే ఉంటుంది కాబట్టి సగం నిండిన రాత్రులకి కరువేమీ లేదు. అయినా ఇవేవీ దాన్ని పడగొట్టించలేదు. యూనివర్సిటీ మెడికల్ స్కూల్ పెట్టాలనుకుంది, దానికి క్యాంపస్ దక్షిణం వైపు అంచున స్థలం కావాల్సొచ్చింది, ఎర్విన్ సెంటర్ కూర్చుంది సరిగ్గా అక్కడే. 2013 ప్రాంతంలో గీసిన మెడికల్ డిస్ట్రిక్ట్ ప్లాన్‌లోనే ఈ డ్రమ్ ఎప్పటికైనా పోవాల్సిందే అని తేలిపోయింది, తర్వాత డెల్ మెడికల్ స్కూల్ 2016లో మొదటి బ్యాచ్‌ని తీసుకుంది, 2023లో ఆ స్థలంలో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి వస్తుందని ప్రకటించారు. అంటే బాస్కెట్‌బాల్ బిల్డింగ్‌ని పోగొట్టింది బాస్కెట్‌బాల్ కానే కాదు, దాని కింద ఉన్న నేల రేటు. దీన్ని యూనివర్సిటీ దాచిందేమీ లేదు, కానీ ఫ్యాన్స్‌కి చెప్పిన కథలో మాత్రం సౌకర్యాలూ, అనుభవం, కొత్త తరం లాంటి మాటలే ఎక్కువ వినపడ్డాయి.

మరి కొత్తదానికి డబ్బెక్కడిది? ఇక్కడే టెక్సస్ వాళ్ళు మిగతా యూనివర్సిటీలన్నీ తర్వాత నోరెళ్ళబెట్టి చూసిన పని చేసారు. ఓక్ వ్యూ గ్రూప్ అనే ప్రైవేట్ కంపెనీని తీసుకొచ్చి, స్థలం మాది, కట్టేదీ నడిపేదీ మీరు, కచేరీల వ్యాపారం మీరు చూసుకోండి, మా మ్యాచ్‌లకీ మా ఫంక్షన్లకీ మాత్రం బిల్డింగ్ మాకు కావాలి అని ఒప్పందం రాసుకున్నారు. గాల్వెస్టన్‌కి చెందిన మూడీ ఫౌండేషన్ 13 కోట్ల డాలర్లు ఇచ్చింది, అందుకే దాని పేరు మూడీ సెంటర్. మొత్తం ఖర్చు 37.5 కోట్ల డాలర్లు అయింది. 2019 డిసెంబర్‌లో శంకుస్థాపన, మధ్యలో కోవిడ్ వచ్చినా పని ఆగలేదు, 2022 ఏప్రిల్‌లో తలుపులు తెరిచారు. తెరిచింది మ్యాచ్‌తో కాదండోయ్, జాన్ మేయర్ కచేరీతో. మ్యాచ్‌ల సీజన్ ఇంకో ఆరు నెలలకి గానీ మొదలవదు, అప్పటిదాకా ఆగడం ఎవరికీ అవసరమే అనిపించలేదు, ఎవరి డబ్బుతో కట్టారో ఎవరి కోసం కట్టారో అదొక్కటి చూస్తే చాలు. ఆస్టిన్ అంటేనే పాటల ఊరు, చుట్టుపక్కల అంత పెద్ద కొత్త హాలు ఇంకోటి లేదు, పాత డ్రమ్‌లో పట్టని షోలన్నీ శాన్ ఆంటోనియోకో హ్యూస్టన్‌కో పోతుండేవి, కాబట్టి ఈ లెక్క అక్కడ కుదిరింది.

మూడీ సెంటర్‌లో అసలు తెలివి సీట్ల సంఖ్యలో ఉంది. కచేరీకైతే 15 వేల మందికి పైగా పడతారు, బాస్కెట్‌బాల్‌కి మాత్రం పైఅంతస్తుని తెరలతో మూసేసి 10,763కి కుదించేస్తారు. పాతదానికంటే దాదాపు ఆరు వేల సీట్లు తక్కువ, అదీ కావాలనే. పదివేల మంది పదివేల సీట్లలో కూర్చుంటే టీవీలో నిండుగా కనపడుతుంది, గోల కోర్టు మీదే పడుతుంది, టికెట్ దొరకదన్న భయం ఉంటుంది కాబట్టి రేటు నిలబడుతుంది. స్టూడెంట్స్‌ని కారల్ అని పేరుపెట్టి కోర్టుకి ఆనుకుని నిలబెట్టారు. పెద్దది కట్టడమే గొప్ప అనుకున్న 1970ల ఆలోచన పూర్తిగా తిరగబడిందన్నమాట, ఆబర్న్ యూనివర్సిటీ వాళ్ళూ 2010లో ఇదే చేసారు, పాతదానికంటే చిన్నది, 9,121 సీట్లది కట్టుకున్నారు, బ్రూస్ పెర్ల్ కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ అక్కడికి ఆడటానికి వచ్చే టీమ్‌లకి చెవులు పగిలిపోయేవి.

అయితే యూనివర్సిటీకి ఒక్క డాలర్ ఖర్చు లేకుండా అరీనా వచ్చేసింది అని ఎవరైనా అంటే కొంచెం ఆగి వినాలి. డబ్బు పెట్టినవాడు ఊరికే పెట్టడు, దశాబ్దాల పాటు ఆ బిల్డింగ్ రాత్రుల మీద వచ్చే ఆదాయంలో పెద్ద భాగం అతనిదే అవుతుంది. పైగా 2025 జులైలో అమెరికా న్యాయ శాఖ ఓక్ వ్యూ గ్రూప్ అధిపతి టిమ్ లైవెకీ మీద అభియోగం మోపింది, ఈ అరీనా కాంట్రాక్ట్‌కి పోటీగా రావాల్సిన ఇంకో కంపెనీని బిడ్ వెయ్యకుండా మాట్లాడుకున్నారన్నది ఆరోపణ. ఆయన తప్పేమీ చెయ్యలేదన్నారు, కంపెనీ మాత్రం 1.5 కోట్ల డాలర్లు, పోటీ కంపెనీ లెజెండ్స్ 15 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి, అదే సంవత్సరం డిసెంబర్‌లో అధ్యక్షుడు ట్రంప్ లైవెకీకి క్షమాభిక్ష ఇచ్చేసారు. కోర్టులో తేలకుండానే ముగిసిన వ్యవహారం కాబట్టి ఎవరిది తప్పు అని ఇక్కడ తీర్పు చెప్పేదేం లేదు. కానీ ఇలాంటి అరీనాలు కట్టి నడపగల కంపెనీలు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, పోటీ అంత తక్కువ ఉన్న చోట యూనివర్సిటీకి మంచి రేటే వచ్చిందని ఎవరూ ఘంటాపథంగా చెప్పలేరు, ఫ్రీగా వచ్చింది అనేదాంట్లో ఉన్న మెలిక అదే.

ఇప్పుడు అందరూ ఒకేసారి కొత్త అరీనాల మీద పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద యాడ్ డబ్బులు తీసుకోవచ్చన్నారు, అది ఒక ఎత్తు. 2025 జూన్‌లో ఆటగాళ్ళకి డబ్బివ్వడం గురించి నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని కోర్టు ఆమోదించాక యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బివ్వడం మొదలైంది, మొదటి సంవత్సరానికి పరిమితి ఒక్కో యూనివర్సిటీకి 2.05 కోట్ల డాలర్లు, ఏటేటా పెరుగుతుంది. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కి ఇది కొత్త ఖర్చు, పాత ఖర్చులేవీ పోలేదు. టీవీ డబ్బు కాన్ఫరెన్స్ చేతిలో, అంటే కలిసి ఆడే యూనివర్సిటీల కూటమి చేతిలో ఉంటుంది, అది వీళ్ళు పెంచలేరు. సొంతంగా పెంచుకోగలిగింది ఒక్కటే, తలుపు దాటి లోపలికొచ్చే మనిషి దగ్గర వసూలు చేసేది. అందులోనూ మామూలు టికెట్ మీద వచ్చేది తక్కువ, అద్దాల గదుల్లాంటి సూట్లు, క్లబ్ సీట్లు, కంపెనీలు సీజన్ మొత్తానికి కొనుక్కునేవి, వాటి మీదే అసలు రాబడి. పాత అరీనాల్లో అవి ఉండవు. అందుకే ఐదేళ్ళ క్రితం దాకా బ్రహ్మాండంగా ఉందన్న బిల్డింగే ఇప్పుడు ఉన్నట్టుండి పనికిరాకుండా పోతోంది.

ఈ లెక్కకి అచ్చంగా సరిపోయేది చాపెల్ హిల్‌లో ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్ళ డీన్ స్మిత్ సెంటర్, ఫ్యాన్స్ భాషలో డీన్ డోమ్. దాన్ని బాగు చెయ్యాలా, కొత్తది కట్టాలా అన్నదే గొడవ. రాలీ పక్కన కేరీలో, మోరిస్‌విల్‌లో ఉండే మనవాళ్ళకి ఈ గొడవ బాగానే తెలిసుంటుంది, పిల్లలు కరోలినా నీలం టీషర్టు వేసుకోవాలా నార్త్ కరోలినా స్టేట్ ఎరుపుదా అని ఇంట్లోనే పార్టీలు ఉంటాయి అక్కడ. 1986 జనవరి 18న డ్యూక్‌తో మ్యాచ్‌తో తెరిచారు, అప్పటికి కరోలినా దేశంలో నంబర్ వన్, డ్యూక్ మూడు, 95-92తో కరోలినా గెలిచింది. కట్టడానికి 3.38 కోట్ల డాలర్లు, ఆ డబ్బంతా దాతలే ఇచ్చారు. ఇప్పుడు సీట్లు 21,750, కాలేజ్ క్యాంపస్‌ల మీద ఇంత పెద్దవి చాలా తక్కువ. దానికి ముందు ఆడిన కార్మైకేల్ ఆడిటోరియం చిన్నది, లోపల గోల భరించలేనంత. మొదట్లో డోమ్‌కి టెఫ్లాన్ పూత పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పైకప్పు ఉండేది, 2000లో దాన్ని తీసేసి గట్టి కప్పు వేసారు. సూట్లు లేవు. అంటే ఇందాక చెప్పుకున్న రాబడి దీనికి లేదు, కొత్త ఖర్చు మాత్రం అందరితోపాటే దీనికీ ఉంది.

కానీ డీన్ డోమ్‌లో అసలు చిక్కు కప్పులోనో సూట్లలోనో లేదు, దాతలకి ఇచ్చిన మాటలో ఉంది. 1980ల్లో డబ్బిచ్చినవాళ్ళకి కింది అంతస్తులో మంచి సీట్లు కొనుక్కునే హక్కు దీర్ఘకాలం పాటు రాసిచ్చారు, అది తర్వాతి తరానికి కూడా వెళ్ళే రకం. అప్పుడు నలభై ఏళ్ళున్న మనిషికి ఇప్పుడు ఎనభై. కోర్టు చుట్టూ ఉన్న సీట్లన్నీ అలా వాళ్ళ చేతుల్లో ఉండిపోయాయి, స్టూడెంట్స్ ఎక్కువమంది దూరంగానో పైనో, ఒక బాస్కెట్ వెనకాల మాత్రం నిలబడే మెట్లు కొన్ని. 1991లో ఫ్లోరిడా స్టేట్ టీమ్ అక్కడికొచ్చి గెలిచి పోతూ ఉంటే వాళ్ళ ఆటగాడు శామ్ కాసెల్, ఇక్కడి జనం డ్యూక్ జనంలా కాదు, గోల చెయ్యకుండా చీజ్ తింటూ వైన్ తాగే రకం అని ఒక మాట అనేసాడు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట కరోలినా వాళ్ళని వదల్లేదు, చాపెల్ హిల్‌లో ఏ అరీనా చర్చ మొదలైనా పదో నిమిషంలో అది వచ్చి తీరుతుంది. పది మైళ్ళ అవతల కామెరాన్‌లో 9,314 సీట్లే, అక్కడ స్టూడెంట్స్ ముఖాలకి రంగు పూసుకుని త్రో-ఇన్ వేసే ఆటగాడి మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గర్లో నిలబడతారు, ఆ ఒక్క సీన్ టీవీలో చూసి కరోలినా ఫ్యాన్స్ కడుపు మండటం ఏటా రెండుసార్లు తప్పదు.

ఇప్పుడు కన్సల్టెంట్లు ముందుపెట్టినవాటిలో ఉన్నదాన్ని రిపేర్ చెయ్యడం దగ్గర్నుంచి, పక్కనే పార్కింగ్‌లో కొత్తది కట్టడం, ఓడమ్ విలేజ్, ఫ్రైడే సెంటర్, కరోలినా నార్త్ దాకా చాలా చోట్లు ఉన్నాయి. కరోలినా నార్త్ అంటే మెయిన్ క్యాంపస్‌కి ఉత్తరంగా రెండు మైళ్ళ దూరం, పాత హోరస్ విలియమ్స్ విమానాశ్రయం ఉన్న స్థలం, 2018లో ఆ రన్‌వే మూసేసారు. ఛాన్సలర్ లీ రాబర్ట్స్ ఆ స్థలాన్ని ఇళ్ళు, షాపులు, క్లాసులు అన్నీ కలిపి ఒక కొత్త పేటలా చేద్దామన్న ఆలోచనలో ఉన్నారు, అలాంటి పేటకి మధ్యలో ఒక అరీనా ఉంటే జనం వస్తారు, హోటల్ వాళ్ళొస్తారు, మిగతా ప్లాట్ల రేటు పెరుగుతుంది. ఎదురు వాదన కూడా అంతే సూటిగా ఉంది, మాజీ కోచ్ రాయ్ విలియమ్స్ అయితే అరీనా క్యాంపస్‌లోనే ఉండాలని బహిరంగంగానే చెప్పారు. హాస్టల్ నుంచి నడుచుకుంటూ వచ్చే పిల్లాడికీ, బస్సెక్కి రావాల్సిన పిల్లాడికీ తేడా ఉంటుంది, జనవరి మంగళవారం రాత్రి తొమ్మిదింటికి చలిలో మ్యాచ్ అంటే ఆ బస్సు స్టాప్ దగ్గరే సగంమంది ఆగిపోతారు.

దూరం పోతే ఏమవుతుందో చూడటానికి వాళ్ళు ఎక్కడికో పోనక్కర్లేదు, రాలీలో నార్త్ కరోలినా స్టేట్ చేసి చూపించింది. వాళ్ళ రేనాల్డ్స్ కొలిసియం 1949ది, క్యాంపస్ నడిబొడ్డున, ఒకప్పుడు ఆ ప్రాంతం మొత్తానికి బాస్కెట్‌బాల్ రాజధాని. 1999లో మగపిల్లల టీమ్ అక్కణ్ణుంచి లేచి కొన్ని మైళ్ళ దూరంలో ఫుట్‌బాల్ స్టేడియం పక్కన ఉన్న పెద్ద అరీనాకి వెళ్ళిపోయింది, ఇప్పుడు దాని పేరు లెనోవో సెంటర్. కరోలినా హరికేన్స్ హాకీ టీమ్‌తో కలిసి వాడుకోవాలి, బిల్డింగ్ యూనివర్సిటీది కాదు. సౌకర్యాలకి లోటు లేదు, సూట్లున్నాయి, పార్కింగ్ ఉంది, కానీ స్టేట్ ఫ్యాన్స్‌ని కదిపితే రేనాల్డ్స్ మాటే వస్తుంది, 2016లో దాన్ని 5,500 సీట్లకి తగ్గించి బాగు చేసాక ఆడపిల్లల టీమ్ అందులో ఆడుతోంది, మగపిల్లల టీమ్ కూడా అప్పుడప్పుడూ ఒక మ్యాచ్ అక్కడ పెట్టుకుంటుంది. చాపెల్ హిల్‌కి ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది, పెద్ద కచేరీలు ఇప్పటికే లెనోవో సెంటర్‌కి పోతున్నాయి, అరగంట డ్రైవ్‌లో అంత పెద్ద హాలు ఉండగా ఆస్టిన్ మోడల్ ఇక్కడ దిగుమతి చేసుకుంటాం, ఎవడో వచ్చి ఫ్రీగా కట్టిస్తాడు అంటే నమ్మడం కష్టం. ఆస్టిన్‌లో పోటీ లేదు కాబట్టి నడిచింది.

రిపేర్ మాటకొస్తే అదీ అంత చవక కాదు, అదే చాలామందికి మింగుడుపడదు. డీన్ డోమ్ లాంటిదాన్ని బాగు చెయ్యాలంటే చట్టం ప్రకారం వీల్‌చెయిర్ చోట్లు పెంచాలి, సూట్లు పెట్టాలి, పై సీట్ల మధ్య ఖాళీ పెంచాలి, ఇవన్నీ చేస్తే వేల సీట్లు ఎగిరిపోతాయి, పైగా పని జరిగినన్నాళ్ళూ టీమ్‌కి ఇల్లుండదు. అయినా చేసినవాళ్ళున్నారు. జార్జియా టెక్ వాళ్ళు 1956 నాటి అలెగ్జాండర్ కొలిసియం ఉక్కు డోమ్ అలాగే ఉంచి కింద మొత్తం పీకేసి కొత్తది కట్టుకున్నారు, 2012లో మక్యామిష్ పెవిలియన్‌గా తెరిచారు, ఆ మధ్య సీజన్ మొత్తం అట్లాంటా చుట్టుపక్కల అద్దె అరీనాల్లో ఆడారు. హ్యూస్టన్ యూనివర్సిటీ కథ ఇంకా బాగుంటుంది. 1969 నాటి హాఫైన్జ్ పెవిలియన్ని 6 కోట్ల డాలర్లతో తిరగేసి రాసినట్టు చేసారు, అందులో 2 కోట్లు టిల్మన్ ఫెర్టిట్టా ఇచ్చారు కాబట్టి పేరు ఫెర్టిట్టా సెంటర్ అయింది, పేరు మార్చినందుకు హాఫైన్జ్ కుటుంబం కోర్టుకెక్కితే అదీ రాజీ పడ్డారు. 2017-18లో టీమ్ పక్కనే ఉన్న టెక్సస్ సదరన్ యూనివర్సిటీ జిమ్‌లో ఆడింది, ఆ సంవత్సరమే మళ్ళీ ఫామ్‌లోకి వచ్చింది, ఇల్లు లేకపోతే టీమ్ చెడిపోతుందన్న భయానికి ఇది మంచి జవాబు. కొత్త బిల్డింగ్‌లో 7,100 సీట్లు మాత్రమే. ఆ ఏడువేల సీట్లతోనే 2021లో ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు టీమ్‌ల్లోకి, 2025లో ఫైనల్ దాకా వెళ్ళి ఫ్లోరిడా చేతిలో 65-63తో ఓడిపోయారు. మూడీ సెంటర్ ఖర్చులో ఆరో వంతుకి అయిన పని ఇది.

కొత్తది కట్టి దెబ్బతిన్న కథ కావాలంటే ఆరెగాన్ యూనివర్సిటీని చూడాలి. వాళ్ళ మెకార్థర్ కోర్ట్ 1920ల నాటిది, బాల్కనీలు కోర్టు మీదికి వంగినట్టుండేవి, జనం ఎగిరితే కింద నేల కదిలేదని వచ్చిన టీమ్‌లు చెప్పుకునేవి. 2011 జనవరిలో అక్కణ్ణుంచి మాథ్యూ నైట్ అరీనాకి మారారు, 12,364 సీట్లు, 20 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చు, ఎక్కువ భాగం బాండ్ల అప్పు, దానికి వెనక దన్నుగా నైకీ ఫిల్ నైట్ 10 కోట్ల డాలర్ల నిధి. ప్రమాదంలో పోయిన కొడుకు పేరు పెట్టుకున్నారు. పాతదానిలా నిటారుగా ఉండాలని సీట్ల వాలు కూడా కాపీ కొట్టారు, కోర్టు మీద చెట్ల నీడలు పడినట్టు బొమ్మ వేయించారు, టీవీలో మధ్య గీత కనపడట్లేదని ఇప్పటికీ తిట్టుకునేవాళ్ళున్నారు. అన్నీ చేసారు గానీ జనం రాలేదు. టీమ్ 2017లో ఫైనల్ ఫోర్ దాకా వెళ్ళినా మామూలు రాత్రుల్లో ఖాళీ సీట్లే ఎక్కువ కనపడతాయి, యూజీన్ ఊరి సైజుకి కచేరీలూ అంతంత మాత్రమే. ఆ అప్పుకి ఫిల్ నైట్ లాంటి మనిషి వెనక ఉన్నాడు కాబట్టి సరిపోయింది, అలాంటివాడు అందరికీ దొరకడు. అలబామా వాళ్ళు అందుకేనేమో, 1968 నాటి కోల్‌మన్ కొలిసియం బదులు 18.3 కోట్ల డాలర్లతో కొత్తది అని 2022లో ప్రకటించి, ఖర్చు అంచనాలు పెరిగిపోతుంటే పక్కన పెట్టేసారు. మాట వెనక్కి తీసుకోవడం చిన్నతనమేమీ కాదు, కట్టేసాక ముప్పై ఏళ్ళు వాయిదాలు కట్టడం కంటే నయం.

కాబట్టి చాపెల్ హిల్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ కొత్త అరీనా బొమ్మలు బయటికొచ్చినప్పుడు ఆ మెరిసే అద్దాలూ, ఎల్ఈడీ తెరలూ పక్కన పెట్టి చూడాల్సింది బాస్కెట్‌బాల్ రాత్రి సీట్ల మ్యాప్ ఒక్కటే. కోర్టు చుట్టూ మొదటి పది వరసలు ఎవరివని రాసారు, స్టూడెంట్స్‌కి టీవీ కెమెరాకి ఎదురుగా ఇచ్చారా వెనకా, సూట్లు కింది అంతస్తుని తినేసాయా పైన పెట్టారా. కరోలినాకైతే దీనికంటే ముందు తేలాల్సింది ఇంకోటుంది. పాత బిల్డింగ్‌లో ఉన్న సీటు హక్కు కొత్త బిల్డింగ్‌కి వస్తుందా రాదా? రాదంటే నలభై ఏళ్ళు డబ్బిచ్చిన కుటుంబాలతో తగువు, ఆ కుటుంబాలే కొత్తదానికీ చెక్కులు రాయాల్సినవాళ్ళు. వస్తుందంటే స్టూడెంట్స్ మళ్ళీ పైకే, శామ్ కాసెల్ మాట ఇంకో నలభై ఏళ్ళు. కొత్త చోటికి మారితే ఆ పాత కాగితాలు చెల్లవని చెప్పడం తేలిక, రిపేర్ చేస్తే అంత తేలిక కాదు. యూనివర్సిటీ పెద్దలకి రిపేర్ మీద మోజు తక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం అనిపిస్తుంది, ఈ ముక్క మాత్రం ఎవరూ మైకు ముందు చెప్పరు.